నీతి ఉన్న ప్రజలకే స్వేచ్ఛ: ఫ్రాంక్లిన్ మాట ఒప్పుకుంటారా?

చదువరి:
1787 ఏప్రిల్‌లో, ఫిలడెల్ఫియాలో అమెరికా రాజ్యాంగ సభ కూర్చోబోయే ముందు, అమెరికా స్వాతంత్ర్య నాయకుల్లో ఒకడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక ఉత్తరంలో రాశాడు: నీతిగల ప్రజలే స్వేచ్ఛకు తగినవాళ్లు, జాతి చెడేకొద్దీ దానికి యజమానుల అవసరం పెరుగుతుంది అని. నేను ఒప్పుకుంటాను. లంచం ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ మనలోనే ఉన్నప్పుడు ఎంత గొప్ప చట్టం రాసుకుని ఏం లాభం?

గోదారిగట్టు:
నేను అస్సలు ఒప్పుకోను. నీతి ఉందో లేదో తేల్చేదెవరండీ? మనల్ని ఏలిన తెల్లదొరలు కూడా "వీళ్లకింకా స్వపరిపాలనకు అర్హత రాలేదు" అనే కదా కాలం గడిపింది? ఆ రాజ్యాంగాన్ని సమర్థిస్తూ 1788లో జేమ్స్ మాడిసన్ రాసిందే నయం: మనుషులు దేవదూతలైతే ప్రభుత్వమే అక్కర్లేదు అన్నాడు. మనిషికి ఆశ ఉంటుందన్న లెక్కతోనే అధికారాన్ని పంచి పెట్టాలి.

చదువరి:
ఫ్రాంక్లిన్ ముందు తన లెక్కే చూసుకున్నాడండీ. మితాహారం, మౌనం, పొదుపు, న్యాయం ఇలా 13 సుగుణాలు రాసుకున్నాడు. చిన్న పుస్తకంలో ఒక్కోదానికి ఒక్కో పేజీ, ఎర్ర సిరాతో గళ్లు. తప్పు చేసిన రోజున ఆ గడిలో నల్ల చుక్క. వారానికొక సుగుణం మీద గట్టిగా దృష్టి పెట్టేవాడు, 13 వారాలకు ఒక చుట్టు. చుక్కలు చెరిపి చెరిపి కాగితం చిల్లులు పడితే, తడి స్పాంజితో తుడుచుకునేలా ఏనుగుదంతపు పలకల మీదికి మారాడు. ఇంత పట్టుదల ఇప్పుడు ఏ నాయకుడికుంది?

దారినపోయేవాడు:
"కాస్త భద్రత కోసం స్వేచ్ఛను వదులుకునేవాడికి రెండూ దక్కకూడదు" అన్నది కూడా ఈయనే కదా? మా వాట్సాప్ గ్రూపులో వారానికోసారి వస్తుంది.

గోదారిగట్టు:
ఈయనదే, కానీ 1755 నాటి పన్ను గొడవలోది. సరిహద్దు రక్షణ ఖర్చుకు, ఆ వలసకు యజమానులైన పెన్ కుటుంబం భూముల మీద కూడా పన్ను వేస్తామని పెన్సిల్వేనియా శాసనసభ అంటే, ఆ కుటుంబం పెట్టిన గవర్నర్ కుదరదన్నాడు. అంటే ఆ "స్వేచ్ఛ" సభ తన పన్ను తాను వేసుకునే హక్కు. ఫార్వర్డ్ చేసేవాళ్లకు ఇదంతా ఎందుకు లెండి.

పాతకాగితం:
ఆ 13లో న్యాయం కూడా ఉంది సరే. అదే మనిషి ఇంట్లో బానిసలున్నారు. ఆయన పత్రికలో బానిసల అమ్మకానికీ, పారిపోయినవాళ్లను పట్టివ్వడానికీ ప్రకటనలు వేశారు. 1723లో అన్న ప్రెస్సు నుంచి, పని నేర్చుకునే ఒప్పందం తెంచుకుని పారిపోయి వచ్చినవాడే ఈయన! చెప్పేవి శ్రీరంగనీతులు.

చదువరి:
మారాడు కదండీ. 1787లో బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1790 ఫిబ్రవరిలో, మంచం పట్టిన వయసులో, బానిసత్వాన్ని తీసెయ్యమని కాంగ్రెసుకు వెళ్లిన విన్నపం మీద సంతకం చేశాడు. కాంగ్రెసులో జార్జియా రాష్ట్ర సభ్యుడు జాక్సన్ బానిసత్వాన్ని వెనకేసుకొస్తే, క్రైస్తవ బానిసల్ని వదలనంటూ ఉత్తర ఆఫ్రికాలోని అల్జీర్స్ పెద్దమనిషి వాదించినట్టు ఒక వెటకారం రాసి ఉతికేశాడు. ఆ తర్వాత నెల తిరక్కుండానే పోయాడు.

పాతకాగితం:
ఆ విన్నపానికి ఏమైంది మరి? 1808 వచ్చేదాకా బానిసల దిగుమతిని ఆపే అధికారం తమకు ఉండదని, రాష్ట్రాల్లో ఉన్నవాళ్ల విడుదల తమ చేతుల్లో లేదని కాంగ్రెస్ తేల్చేసింది. దిగుమతికి ఆ గడువు పెట్టిన రాజ్యాంగం మీద 1787 సెప్టెంబరులో సంతకం పెట్టినవాళ్లలో ఫ్రాంక్లిన్ ఉన్నాడు. మనసు మారింది, కాగితం మారలేదు. అందుకే ముందు కాగితం సరిగ్గా ఉండాలంటున్నాను.

చదువరి:
ఆ కాగితాన్ని మార్చమని అడగడానికైనా మనసు మారినవాడు ఒకడు కావాలి కదా. మాడిసన్ ఏర్పాటులో తూకం ఉంది గానీ, విన్నపం పట్టుకుని గుమ్మం ఎక్కేవాడెవరు?

గోదారిగట్టు:
ఎక్కేవాళ్లు అప్పటికే ఉన్నారండీ. క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు ఫ్రాంక్లిన్ కంటే ఎన్నో ఏళ్ల ముందునుంచే ఎక్కుతున్నారు. అన్నట్టు, పరిపాలకుడికి జీతం ఇవ్వొద్దని కూడా ఈయన ఆ రాజ్యాంగ సభలో ప్రతిపాదించాడు, డబ్బాశ ఉన్నవాడు రాకూడదని. సభ మర్యాదగా విని పక్కన పెట్టింది. జీతం లేకపోతే ఆ కుర్చీలో ఆస్తిపరుడు తప్ప ఇంకెవరు కూర్చుంటారో చదువరి గారే చెప్పాలి.