మేడ మీది వాటాలో ఆదివారపు తలంటు: మీరెలా చేసుకుంటున్నారు?

మేడమీది వాటా (శ్రీకాకుళం)
వారమంతా బస్సుల్లో తిరిగి అలసిన ఒళ్ళు ఆదివారమైనా తేలికపడాలని, రెండు గంటలు తీరిక చేసుకుని తలంటు పోసుకోవాలనుకుంటున్నాను. నీళ్ళతొట్టె లేదు. ఒక చిన్న గీజరు, రెండు బకెట్లు, ఒక పీట ఉన్నాయి. ఏ నూనె మంచిది, ఎంతసేపు నానాలి, తలుపు మూసి స్నానాలగదిలోనే సాంబ్రాణి వేసుకోవచ్చా, నూనె, నలుగుపిండి కలిసి తూము పూడుకుపోకుండా ఏం చేయాలి? స్నానం చేస్తూ సన్నగా పాటలు పెట్టుకునే అలవాటున్నవారు కూడా చెప్పగలరు.

గానుగింటి మనవడు (గజపతినగరం)
నువ్వుల నూనె తప్ప మరొకటి ఆలోచించనవసరం లేదు. మా తాతగారు ఎద్దుగానుగ నడిపారు కనుక ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను. నూనెను నేరుగా మంట మీద పెట్టకుండా, గిన్నెను వేడినీళ్ళలో ఉంచి గోరువెచ్చగా చేసుకుని, మాడుకు, చెవులకు, అరికాళ్ళకు బాగా పట్టించి అరగంట ఆగండి. ఈ మూడు చోట్లా ప్రత్యేకంగా పట్టించాలని ప్రాచీన ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయమే చెబుతోంది. కొబ్బరినూనెతో చేసేది తలకు నూనె రాసుకోవడమే గాని తలంటు కాదు.

కొబ్బరితోట (కవిటి)
మా ఉద్దానంలో తరతరాలుగా కొబ్బరినూనెతోనే ఒళ్ళు రుద్దుకుంటున్నాము, మాకెవరికీ తలంటు తెలియదని ఇంతవరకూ ఎవరూ అనలేదు. చలికాలంలో అది పేరుకుంటుందన్నది ఒక్కటే దాని లోపం, సీసాను కాసేపు వేడినీళ్ళలో ఉంచితే కరిగిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చెట్లను పడగొట్టినప్పుడు కరెంటు లేక, పడిన మట్టలనే పొయ్యిలో పెట్టి కాగుతో నీళ్ళు కాచుకున్నాము. తోట పోయిన దిగులులో కూడా ఆ పొగవాసన నీళ్ళు నాలుగు చెంబులు వీపు మీద పడితే కంటికి కునుకు పట్టేది. గీజరు నీళ్ళకు ఆ గుణం లేదు.

బొబ్బిలి కోడలు
నూనె ఏదైనా సరే, దాన్ని వదిలించడంలోనే అసలు కష్టమంతా ఉంది. కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి, పెచ్చులను వేడినీళ్ళలో నానబెట్టి, పిసికి, వడగట్టిన రసం వాడితే మా బోరు ఉప్పునీళ్ళలో సైతం నురగ వస్తుంది. అవే నీళ్ళలో సబ్బు తెట్టు కడుతుంది. రసం మాత్రం కళ్ళలో పడనివ్వకండి. పెళ్ళైన తొలి దీపావళికి మా అత్తగారు పొగలు కక్కే నీళ్ళు తలమీద గుమ్మరిస్తే ఆ రోజంతా ఎర్రటి కళ్ళతోనే తిరిగాను. అది వేడి వల్లనో, కుంకుడు వల్లనో నేటికీ మా ఇంట్లో తేలలేదు.

కోట వీధి మాస్టారు (విజయనగరం)
నేను మా ఊరి సంస్కృత కళాశాలలో చదువుకుని ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పినవాడిని, కాబట్టి ఒక సవరణ చేయక తప్పదు. గానుగింటి మనవడు గారు పేర్కొన్న ఆ అధ్యాయంలోనే, వేడినీళ్ళు మెడకు దిగువ శరీరానికి బలమిస్తాయని, తలమీద పోస్తే జుట్టుకూ కళ్ళకూ బలం తగ్గిస్తాయని ఉంది. సగం చదివి ప్రమాణం చూపడం పద్ధతి కాదు.

గానుగింటి మనవడు
నేను నూనె గురించి చెప్పాను, నీళ్ళ ప్రస్తావనే తేలేదు. చన్నీళ్ళతో నువ్వుల నూనె జిడ్డు వదులుతుందేమో తమరొకసారి స్వయంగా ప్రయత్నించి, ఆ తరువాత మాకు పాఠం చెప్పండి.

కోట వీధి మాస్టారు
చన్నీళ్ళు పోసుకోమని నేనెక్కడా రాయలేదు. మోచేతి మీద పోసుకుంటే చురుక్కుమననంత గోరువెచ్చటి నీళ్ళు తలకు, అంతకన్నా కాస్త వేడివి ఒంటికి అని, రెండు బకెట్లు వేరుగా పెట్టుకోవడం మా ఇంటి అలవాటు. ఎదుటివారి మాట పూర్తిగా చదివే ఓపిక లేనివారికి తలంటు వల్ల కూడా ప్రశాంతత కలగదు.

బొబ్బిలి కోడలు
అయ్యా, ఇద్దరూ శాంతించండి. అడిగినవారికి రెండు బకెట్లు ఉండనే ఉన్నాయి.

రాత్రి డ్యూటీ నర్సు (శ్రీకాకుళం)
నూనె తగవు మధ్య సాంబ్రాణి ప్రశ్నను అందరూ దాటవేశారు. తలుపు, కిటికీ మూసిన చిన్న గదిలో నిప్పులు పెట్టుకోవద్దు. కాలే బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, తల తిరుగుతున్నదని తెలిసేలోపే మనిషి పడిపోవచ్చు. గ్యాస్ గీజరుతోనూ ఇదే ప్రమాదం. తల తుడుచుకున్నాక, గాలి ఆడే వసారాలో కూర్చుని జుట్టుకు ధూపం పట్టించుకోండి. నిద్ర కోసమైతే ఉదయంకన్నా సాయంత్రమే మేలు. పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు 40 నుంచి 42.5 డిగ్రీల వేడినీళ్ళతో స్నానం చేస్తే సగటున పది నిమిషాలు త్వరగా నిద్ర పడుతున్నదని 2019లో టెక్సస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ పరిశీలించి తేల్చారు. వేడికి అరచేతుల్లో, అరికాళ్ళలో రక్తప్రసరణ పెరిగి, ఒంటిలోపలి వేడి బయటకుపోయి శరీరం చల్లబడటమే దానికి కారణం.

కొబ్బరితోట
సాయంత్రం తలంటు పోసుకుంటే జలుబు చేస్తుందని మా అమ్మ ఒప్పుకోదు. భోగినాడు తెల్లవారుజామున పోసుకున్నదే తలంటు.

రాత్రి డ్యూటీ నర్సు
జలుబు వైరస్ వల్ల వస్తుంది, తలంటు వల్ల కాదు. తడి జుట్టుతో పడుకోవడం ఇష్టం లేకపోతే సాయంత్రం ఒంటికి మాత్రమే పోసుకోవచ్చు.

మేడమీది వాటా
అందరికీ ధన్యవాదాలు. ఈ ఆదివారం నువ్వుల నూనె, కుంకుడు రసం, రెండు బకెట్ల పద్ధతి పాటించాను. ఒళ్ళు నిజంగానే దూదిపింజలా అయింది. అయితే తూము గురించి ఎవరూ చెప్పకపోవడంతో నలుగుపిండి, కుంకుడు పిప్పి గొట్టంలో చేరి, కింది వాటావారి స్నానాలగదిలోకి నీళ్ళు ఎగదన్నాయి. పీట దిగబోతూ జిడ్డు నేలమీద కాలు జారినా, కుళాయి పట్టుకుని నిలదొక్కుకున్నాను.

బొబ్బిలి కోడలు
క్షమించండి, అది ముందే చెప్పవలసింది. తూము జల్లెడ మీద పాత పంచెగుడ్డ పరిచి, పిండినీ పిప్పినీ దానిమీద పట్టి చెత్తబుట్టలో వేయాలి. నేలను చాకలి సోడా కలిపిన వేడినీళ్ళతో చీపురు పెట్టి కడగండి, ఆ పని అయ్యేదాకా లోపలికి ఎవరినీ రానివ్వకండి. ఇంతకీ కింది వాటావారు ఏమన్నారు?

మేడమీది వాటా
వచ్చే ఆదివారం తమకూ కుంకుడు రసం తీసి పంపమన్నారు.