మారుతీ జిప్సీ డ్రైవర్ డోర్ కిందికి దిగిపోతోంది, డోర్‌ని మోసే పిల్లర్ రేకు ఆడుతోంది. ఏం చేయాలి?

మాది 1998 మోడల్ జిప్సీ కింగ్, హార్డ్ టాప్. ఉండేది విశాఖలో, సముద్రానికి దగ్గర. ఉప్పు గాలికి తుప్పు బెడద ఎప్పుడూ ఉన్నదే.

డ్రైవర్ వైపు డోర్ లాక్ ఉన్న చివర సుమారు 6 మిల్లీమీటర్లు కిందికి దిగింది. చేత్తో పైకెత్తితే తప్ప లాక్ పడట్లేదు. గతుకుల్లో కటకటా కొట్టుకుంటుంది, వానొస్తే పై మూల నుంచి నీళ్లు కారుతున్నాయి.

రెండు హింజులూ కొత్తవి వేయించాను. స్ట్రైకర్ (బాడీ మీద డోర్ లాక్ పట్టుకునే కొక్కెం) కిందికి జరిపి చూశాను, రబ్బరు బీడింగ్ కూడా మార్చాను. కొన్నాళ్లు బాగుంటుంది, తర్వాత మళ్లీ మామూలే.

నిన్న డోర్ సగం తెరిచి, చివర పట్టుకుని పైకీ కిందికీ ఊపుతూ టార్చ్ వేసి చూశాం. హింజుల పిన్నుల్లో లూజు లేదు. కింది హింజ్ బిగించిన పిల్లర్ రేకే ఊపినప్పుడల్లా లోపలికి నొక్కుకుపోతోంది. బోల్టు చుట్టూ పెయింట్ కింద వెంట్రుకంత పగులు, అందులోంచి ఎర్రటి తుప్పు పొడి రాలుతోంది.

పైనే ఒక ప్లేట్ పెట్టి వెల్డింగ్ కొట్టేద్దామంటున్నాడు టింకరింగ్ మేస్త్రీ. నాకు నమ్మకం కుదరట్లేదు. లోపల బోల్టులు పట్టే ప్లేట్ తుప్పు తినేసి ఉంటే, పైన ఎంత అతికినా బరువంతా ఆ పల్చటి రేకు మీదే కదా! అలాగని పిల్లర్ కోయిస్తే రెండు హింజుల వరస తప్పి డోర్ ఇక ఎప్పటికీ సరిగ్గా కూర్చోదేమోనని టెన్షన్.

ఇలాంటి పని చేసినవాళ్లు, చేయించినవాళ్లు దయచేసి చెప్పండి: పిల్లర్‌ని బయటివైపు కోయకుండా, డాష్‌బోర్డు వైపు నుంచి ఆ లోపలి ప్లేట్ మార్చడానికి వీలవుతుందా?