2005 బోర్డోలు, కాలిఫోర్నియా పాత రెడ్డు పక్కపక్కన పెట్టి తాగాలనుకుంటున్నాం, ఎలా ప్లాన్ చేయాలి?

ఫ్రీమాంట్_కుర్రోడు:
అందరికీ నమస్తే. థాంక్స్‌గివింగ్ తర్వాత వీకెండ్‌కి మా ఇంట్లో ఆరుగురం ఫ్రెండ్స్ కూర్చుంటున్నాం, ఈసారి మామూలు పార్టీలా కాకుండా పాత రెడ్ వైన్లు పక్కపక్కన పెట్టుకుని నింపాదిగా పోల్చి చూద్దామని. ఇప్పటికి తేలినవి (అంకె ద్రాక్ష కోసిన ఏడాది) ఫ్రాన్స్‌లోని బోర్డో నుంచి 2005 లెయోవిల్ బార్టన్, 2005 పోంటె కానె, ఒక 2005 పోమెరోల్, ఇక్కడి నుంచి 2005 రిడ్జ్ మాంటె బెల్లో (కూపర్టినో కొండ మీదది, మాకు పక్కూరి వైనే). ఇవి కాక ఒకతను 1996 మోంట్రోజ్ (ఇదీ బోర్డోదే), ఇంకొకావిడ 2010 సాసికాయా (ఇటలీది) తెస్తామంటున్నారు. అన్నీ ఒకేసారి పెట్టొచ్చా? ఎంత ముందు ఓపెన్ చేయాలి? లేబుల్స్ దాచాలా వద్దా? ఇలాంటి బాటిల్స్ మళ్ళీ మళ్ళీ దొరకవు కాబట్టి పద్ధతిగా చేయాలని ఉంది, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

గరోన్_గట్టు:
బ్రదర్, లిస్ట్ చూస్తేనే నోరూరింది. నేను టూలూజ్‌లో ఉంటా, బోర్డో వైపు వీలైనప్పుడల్లా వెళ్తుంటా. ముందు ఒక మాట, పోల్చేటప్పుడు ఏదో ఒకటే మారాలి. నీ దగ్గర 2005వి నాలుగున్నాయి, ఆ నాలుగూ ఒక వరస. అప్పుడు ఏడాది ఒకటే, మారేది నేల, ద్రాక్ష రకం మాత్రమే. 1996, 2010 కూడా అందులోనే కలిపేస్తే ఏ తేడా వయసు వల్ల వచ్చింది, ఏది ఊరి వల్ల వచ్చింది అనేది ఎవరికీ అర్థం కాదు. ఆ రెండూ తర్వాత భోజనంతో తీయండి. సాసికాయా టస్కనీది, బోల్గెరిలో కాబెర్నే సావిన్యోన్, కాబెర్నే ఫ్రాంక్ అనే ద్రాక్షలు కలిపి చేస్తారు, అసలు మెర్లో ద్రాక్ష ఉండదు, దాన్ని విడిగా కూర్చుని తాగితేనే దాని అందం తెలుస్తుంది.

ఇక ఆ నాలుగింట్లో ఏం చూడాలంటే, లెయోవిల్ బార్టన్ సాన్ జులియన్‌ది, పోంటె కానె పోయాక్‌ది, రెండూ ఎడమ గట్టువే (బోర్డో నదులకి ఎడమ వైపు), గులకరాళ్ళ నేల, కాబెర్నే సావిన్యోన్ ఎక్కువ. అక్కడ బ్లాక్‌కరెంట్ పండు వాసన వెనకాల అప్పుడే చెక్కిన పెన్సిల్ పొట్టు వాసన, దేవదారు చెక్క వాసన పట్టుకోవడానికి ట్రై చేయండి. పోమెరోల్ కుడి గట్టు, బంకమట్టి ఎక్కువ, మెర్లోదే రాజ్యం, నోట్లో మెత్తగా, గుండ్రంగా అనిపిస్తుంది, వగరు కూడా మృదువుగా ఉంటుంది. 2005 అక్కడ వానలు తక్కువ పడ్డ ఏడాది, తొక్కలు మందంగా వచ్చాయి, అందుకే ఎడమ గట్టు వైన్లు చాలా ఏళ్ళు బిగుసుకునే ఉన్నాయి. ఇప్పుడు ఎంత విడిందో చూడటమే నాకైతే అసలు ఆసక్తి. మొదటి గుక్కలోనే తీర్పు ఇచ్చేయకండి, గంట తర్వాత అదే గ్లాసు మళ్ళీ ముట్టుకోండి.

బెజవాడ_టు_నాపా:
లేబుల్స్ తప్పకుండా దాచండి అన్నా, నా ఓటు దానికే. 1976 మే 24న పారిస్‌లో బ్రిటిష్ వైన్ వ్యాపారి స్టీవెన్ స్పరియర్ పెట్టిన టేస్టింగ్ తెలుసు కదా, ఫ్రెంచ్ జడ్జిలే లేబుల్ చూడకుండా కాలిఫోర్నియా స్టాగ్స్ లీప్ 1973కి మొదటి స్థానం ఇచ్చారు, బోర్డో మూటాన్ 1970 రెండు, మోంట్రోజ్ 1970 మూడు, మీ మాంటె బెల్లో 1971 ఐదు. అప్పుడు చాలామంది కాలిఫోర్నియావి త్వరగా పడిపోతాయి, బోర్డోవి మాత్రమే నిలబడతాయి అన్నారు. 30 ఏళ్ళ తర్వాత 2006లో అవే వైన్లు మళ్ళీ నాపాలో, లండన్‌లో పెడితే మాంటె బెల్లో 1971 మొదటికి వచ్చింది! లేబుల్ కనిపిస్తే మన నాలుక కూడా లేబుల్ మాటే వింటుంది, అది ఎవరికైనా అంతే.

పద్ధతి చెప్తా. బాటిల్స్ రెండు రోజుల ముందే నిలబెట్టి పెట్టండి, మడ్డి అంతా అడుక్కి దిగాలి. పాత కార్క్ విరిగిపోయే ఛాన్స్ ఉంది కాబట్టి స్క్రూ కాకుండా రెండు రేకుల ఓపెనర్ వాడండి, రేకుల్ని కార్క్‌కీ గాజుకీ మధ్య అటూ ఇటూ ఊపుతూ దింపి, తిప్పుతూ పైకి లాగాలి. తర్వాత బాటిల్ మెడ కింద ఫోన్ టార్చ్ పెట్టి నిదానంగా డికాంటర్‌లోకి (వైన్‌కి గాలి తగలడానికి వాడే గాజు కూజా) ఒంచండి. నల్లగా మడ్డి గీతలా మెడ దగ్గరికి రాగానే ఆపేయాలి, చివరి రెండు గుక్కల కోసం ఆశపడొద్దు. బాటిల్‌ని ఉత్త నీళ్ళతో కడిగి, సబ్బు వద్దు, నీళ్ళు పూర్తిగా ఒంచేశాక వైన్ మళ్ళీ అందులోనే పోసి, బాటిల్ మెడకి చుట్టిన రేకు పూర్తిగా పీకేసి, పేపర్ బ్యాగ్‌లో పెట్టి నంబర్ వేయండి. ఈ పని చేసినవాళ్ళకి ఏది ఏదో తెలిసిపోతుంది కాబట్టి నంబర్లు వేరే వాళ్ళతో వేయించండి. 2005లకి రెండు మూడు గంటల ముందు చాలు. 1996 మోంట్రోజ్ మాత్రం కూర్చునే ముందే తీయండి.

గరోన్_గట్టు:
అంతా ఓకే కానీ మోంట్రోజ్ విషయంలో నేను ఒప్పుకోను. సాంతెస్టెఫ్ వైన్ అది, 1996 ఎడమ గట్టు కాబెర్నేకి చాలా మంచి ఏడాది, అంత తేలిగ్గా అలిసిపోయేది కాదు. ఒక గంట గాలి ఇస్తేనే బాగుంటుంది. తీయగానే కొంచెం పోసి చూసి, నోట్లో మూసుకున్నట్టు ఉంటే డికాంట్ చేయండి, అప్పటికే విచ్చుకుని ఉంటే వదిలేయండి.

ఫ్రీమాంట్_కుర్రోడు:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండి, 2005లు నాలుగే వరసగా పెడతాం, ఫిక్స్. ఇంకొకటి, తిండి సంగతేంటి? అత్తయ్య గారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, అందరికీ గోంగూర మటన్ చేస్తానని సంబరంగా ఉన్నారు. ఆవిడ మాట కాదనలేను.

హైదరాబాదీ_సెల్లార్:
కాదనక్కర్లేదు బ్రదర్, టైమింగ్ మారిస్తే చాలు. గోంగూర పులుపు ముందు పాత వైన్ చప్పగా అయిపోతుంది, మిరపకారం పడితే వగరు, ఆల్కహాల్ మంట రెండూ ఇంకా పెరుగుతాయి. వైన్లతో మటన్ చాప్స్ ఉప్పు, వెల్లుల్లి, కాసిన్ని మిరియాలు వేసి నేతిలో వేయించి పెట్టండి, మధ్యలో నోరు శుభ్రం కావడానికి ఉత్త బ్రెడ్, నీళ్ళు. గోంగూర మటన్, వేడన్నం అన్నీ అయ్యాక చివర్లో. ఇంకో ముఖ్యమైనది, వంట మధ్యాహ్నమే ముగించి కిటికీలు తెరిచేయండి, తాలింపు ఘాటు ఇంట్లో ఉంటే ఆ పెన్సిల్ పొట్టు వాసన ఎవరికీ దొరకదు. అగరుబత్తి, పర్‌ఫ్యూమ్ కూడా ఆ సాయంత్రానికి వద్దు.

వేడి విషయం కూడా చూసుకోండి, రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో అంటారు కానీ అది చలి దేశాల గది లెక్క. 16 నుంచి 18 డిగ్రీల మధ్య పోయండి, హీటర్ వేసిన గదిలో గ్లాసు తొందరగా వేడెక్కుతుంది కాబట్టి కొంచెం చల్లగానే మొదలుపెట్టడం మంచిది. మాకు ఇక్కడ మే నెలలో 40 దాటుతుంది, సెల్లార్ ఫ్రిజ్ లేకుండా ఇలాంటి వైన్ దాచడమే కుదరదు. వచ్చేటప్పుడు డ్యూటీ ఫ్రీగా తెచ్చుకునేదే మనిషికి 2 లీటర్లు. అందుకే మీలా నాలుగు ఒకే ఏడాదివి ఒక టేబుల్ మీద చూడటం అంటే నాకు నిజంగా పండగ.

ఒక బాటిల్ ఎక్స్‌ట్రా పెట్టుకోండి, ఏదైనా పర్లేదు. కార్క్ పాడైతే తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది, పండు వాసన చచ్చిపోతుంది, ఎంతసేపు గాలి ఇచ్చినా బాగుపడదు. డికాంట్ చేసేటప్పుడే వాసన చూసుకుంటే టేబుల్ మీదకి రాకముందే తెలిసిపోతుంది.

బెజవాడ_టు_నాపా:
కరెక్ట్. కొలత కూడా చెప్పేస్తా, మొదటి రౌండ్ మనిషికి 50 ఎంఎల్ చొప్పున పోయండి, ఆరుగురికి బాటిల్‌లో 300 పోతుంది, మిగతాది భోజనం ముందు రెండో రౌండ్‌కి. మనిషికి నాలుగు గ్లాసులు, అన్నీ ఒకే షేపువి, మీ ఇంట్లో లేకపోతే ఎవరి గ్లాసులు వాళ్ళని తెచ్చుకోమనండి. ఉమ్మడానికి ఒక మగ్ పెట్టండి, మొహమాటం వద్దు. రెండో రౌండ్ అయ్యేవరకు ఎవరూ పైకి మాట్లాడకుండా కాగితం మీద రాసుకోవాలి, ఒకళ్ళు చాక్లెట్ అంటే మిగతా ఐదుగురికీ చాక్లెట్టే వస్తుంది. అందరూ చదివాకే బ్యాగులు విప్పండి. ఆ రాత్రి మాత్రం ఎవరూ డ్రైవ్ చేయకండి, ఊబర్ కానీ, మీ ఇంట్లోనే పరుపులు కానీ.

ఫ్రీమాంట్_కుర్రోడు:
పరుపులు రెడీగా ఉన్నాయి అన్నా. మాంటె బెల్లో ఎవరైనా బోర్డో అనుకుంటారో లేదో ముందే రాసి కవర్‌లో పెట్టమన్నా అందరినీ. ఆ కాగితాల ఫొటోలు ఆదివారం ఇక్కడే పెడతాను.