మాడ్రిడ్ నుంచి టొలేదోకి ఒక్క రోజు: ఏ టూర్ తీసుకోవాలి?

మూటాముల్లె:

అందరికీ నమస్కారం. వచ్చే నెల మాడ్రిడ్‌లో నాలుగు రోజులు ఉంటున్నాం, అందులో ఒక రోజు టొలేదోకి పెట్టుకున్నాం. నేను, మా ఆయన, పదేళ్ల పాప, అత్తయ్య గారు. అత్తయ్య గారికి అరవై ఎనిమిది, మోకాళ్లు అంతంతమాత్రం, కానీ "హోటల్లో కూర్చోవడానికైతే నేను రాను" అని ముందే చెప్పేశారు.

రెండు రోజులుగా టూర్లు చూసీ చూసీ బుర్ర వాచిపోయింది. అన్నీ ఒకేలా కనిపిస్తాయి, ధరలకి మాత్రం పొంతన లేదు. మాడ్రిడ్ నుంచి బస్సులో సగం రోజు టూర్ ఒకటి మనిషికి 39 యూరోలు. అదే పూర్తి రోజు, కెథడ్రల్ టికెట్‌తో కలిపి దాదాపు డబుల్. ఇంకోటి టొలేదో, సెగోవియా రెండూ ఒకే రోజులో, మా ఆయనకి ఇదే నచ్చింది, ఒక్క దెబ్బకి రెండు ఊళ్లు అయిపోతాయంటారు. లేదంటే మనమే రైల్లో వెళ్లి అక్కడ ఫ్రీ వాకింగ్ టూర్ పట్టుకోవడం. ఫ్రీ అంటే నిజంగా ఫ్రీయేనా, ఏదైనా మెలిక ఉందా?

మాకు కుదిరేది ఆదివారం గానీ సోమవారం గానీ. చరిత్ర అంటే ఇష్టమే గానీ పండితులం కాదు. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా చెప్తే బుక్ చేసేస్తాను, ఈ టెన్షన్ వదిలిపోతుంది.

నడకపిచ్చి:

ముందు మీ ఆయన గారి రెండు ఊళ్ల టూర్ సంగతి చూద్దాం. మ్యాప్ ఒకసారి తెరవండి. టొలేదో మాడ్రిడ్‌కి దక్షిణాన 70 కిలోమీటర్లు, సెగోవియా వాయవ్యాన 90 దాకా. మధ్యలో మాడ్రిడ్. పొద్దున ఒకటి చూసి, మళ్లీ మాడ్రిడ్ దాటుకుని రెండోదానికి పోవాలి, బస్సులోనే నాలుగు గంటల పైన పోతాయి. భోజనం, టైముకి రాని ఇద్దరి కోసం ఎదురుచూపులు తీసేస్తే ఒక్కో ఊరికి రెండున్నర గంటలు మిగిలితే గొప్ప.

ఇక టూర్ ఎంచుకోవడం. పేజీ పైన పెద్ద అక్షరాల్లో ఉన్న పేర్లన్నీ వదిలేయండి, కింద ఏవి కలిసి ఉన్నాయి, ఏవి లేవు అని చిన్న అక్షరాల్లో రాస్తారు చూడండి, అదే అసలు టూర్. "పనోరమిక్" అన్నారంటే బయటి నుంచి చూపిస్తారని అర్థం. "కెథడ్రల్" అని పైన ఉండి, ఎంట్రీ టికెట్ అదనం అని కింద ఉంటే గుమ్మం ముందు నిలబెట్టి కథ చెప్పి పంపేస్తారు. నేను మొదటిసారి ఇలాంటి సగం రోజు టూర్‌లోనే వెళ్లాను, కంపెనీ పేరు ఎందుకులెండి. ఊళ్లో ఉన్నదే మూడున్నర గంటలు, అందులో నలభై నిమిషాలు కత్తులూ నగలూ అమ్మే వర్క్‌షాప్‌లో గడిచింది. నల్లటి ఉక్కులో బంగారు తీగ పొదిగే ఆ పని నిజంగా అందమైనదే, ఒకాయన కూర్చుని చేస్తుంటే ఐదు నిమిషాలు రెప్ప వేయకుండా చూశాను, కానీ మిగతా ముప్పై ఐదు నిమిషాలు షాపులో చక్కర్లే. పైగా మా గైడ్ రెండు భాషల్లో చెప్పేవాడు, ముందు స్పానిష్, తర్వాత ఇంగ్లీష్. ఇంగ్లీష్ వంతు వచ్చేసరికి సగం గుంపు కదిలిపోయేది, మేము వెనక నుంచి పరుగు. కాబట్టి ఒకే భాషలో నడిచే టూరా కాదా అని ముందే అడగండి.

రెండోసారి రైల్లో వెళ్లాను. ఆతోచా స్టేషన్ నుంచి అవంత్ రైలు అరగంటకి కాస్త పైన, ఒక వైపు సుమారు 14 యూరోలు, పిల్లలకి తగ్గింపు ఉంది. సీట్లు నంబర్లతో ఉంటాయి, వారాంతాల్లో నిండిపోతాయి, రానూపోనూ ముందే కొనేయండి. స్టేషన్‌లో బ్యాగులు స్కాన్ చేస్తారు, అరగంట ముందు వెళ్లండి. బస్సు ఇంకా చవక, ప్లాసా ఎలిప్తికా నుంచి బయలుదేరుతుంది, గంటో గంటన్నరో పడుతుంది. నేనైతే రైలే అంటాను, టొలేదో స్టేషన్ భవనం 1919 నాటిది, అదే ఒక చూడదగ్గ చోటు, రంగు అద్దాలు, చెక్కపని, పలకల నేల, దిగిన పది నిమిషాలు అక్కడే అయిపోతాయి.

గైడ్‌కి డబ్బు పెట్టదలిస్తే కెథడ్రల్ లోపల పెట్టండి. 1226లో మొదలుపెట్టి 1493 దాకా కట్టారు దాన్ని. ప్రధాన పీఠం వెనక ఎల్ ట్రాన్స్‌పారెంతే అని ఒకటుంది. నార్సిసో తోమే 1732లో పూర్తి చేశాడు. పీఠం మీదికి వెలుగు పడాలని ఏకంగా పైకప్పుకి కన్నం కొట్టి, ఆ కన్నం చుట్టూ దేవదూతల్ని కూర్చోబెట్టాడు. తల పైకెత్తమని ఎవరో ఒకరు చెప్పకపోతే దాని కింద నుంచే నడిచి వెళ్లిపోతారు, మొదటిసారి నేను చేసిందదే. పాపకి ఒకటి చూపించండి, కార్డినళ్ల (క్యాథలిక్ చర్చి పెద్దల) సమాధుల మీద వాళ్ల ఎర్ర టోపీలు పైకప్పు నుంచి వేలాడుతుంటాయి.

సగం టికెట్:

నేను ఆ రెండు ఊళ్ల టూరే చేశాను, మరీ అంత ఘోరమేం కాదు. నాకు స్పెయిన్‌లో ఖాళీ ఉన్నది ఆ ఒక్క రోజే. సెగోవియా అక్విడక్ట్, అంటే ఊరికి నీళ్లు తెచ్చే రాతి వంతెన, దాని కింద నిలబడటానికి అరగంట చాలు, దాదాపు రెండు వేల ఏళ్ల కిందట రోమన్లు కట్టింది, 28 మీటర్ల ఎత్తు, రాయికీ రాయికీ మధ్య సున్నం గానీ మరేదీ గానీ లేదు, బరువు మీదే నిలబడింది. ఆ అరగంట కోసం నేను మళ్లీ వెళ్తాను కూడా. టొలేదో మాత్రం పరుగుల్లో పోయింది, ఒప్పుకుంటాను. మీకు నాలుగు రోజులున్నాయి కాబట్టి, మీ ఆయనకి అంత ఇష్టమైతే సెగోవియాకి ఇంకో పూట రైల్లో వెళ్లండి, అరగంట కూడా పట్టదు, కాకపోతే స్టేషన్ ఊరికి దూరం, అక్కడి నుంచి సిటీ బస్సు ఎక్కాలి.

అన్నట్టు బస్సు టూర్లకి ఒక మంచి గుణం ఉంది, నడకపిచ్చి గారు అది చెప్పలేదు. చాలావరకు ఊళ్లోకి వెళ్లే ముందు నదికి ఆవలి ఒడ్డున మిరదోర్ దెల్ వాయే దగ్గర ఆపుతారు. మూడు వైపులా తాహో నది, మధ్యలో కొండ మీద ఊరంతా ఒక్క చూపులో. రైల్లో వెళ్లినవాళ్లు అక్కడికి విడిగా వెళ్లాలి.

పాతమ్యాపు:

మూటాముల్లె గారూ, టూర్ కంటే ముందు మీరు తేల్చుకోవాల్సింది రోజు.

ఆదివారం కెథడ్రల్ సందర్శకులకి మధ్యాహ్నం 2 తర్వాతే తెరుస్తారు, పొద్దున ప్రార్థనలు. అంటే ఆదివారం పొద్దున టూర్‌లో కెథడ్రల్ లోపల చూపిస్తాం అని ఎవరైనా రాశారంటే ఇంకోసారి అడగాల్సిందే. సోమవారం ఇంకో చిక్కు: ప్రభుత్వ మ్యూజియంలకి సెలవు. ఎల్ ట్రాన్సితో సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం), చిత్రకారుడు ఎల్ గ్రెకో మ్యూజియం, అల్కాసర్ కోటలోని సైనిక మ్యూజియం మూడూ మూసి ఉంటాయి. బుకింగ్ సైట్లలో టూర్ బొమ్మలు మాత్రం వారం పొడుగునా అవే ఉంటాయి.

ఆదివారం వెళ్తే: పొద్దున ఎల్ ట్రాన్సితో. శమూయేల్ హలేవీ అనే యూదు ఖజానాధికారి 14వ శతాబ్దంలో కట్టించాడు, గోడల పైభాగమంతా హీబ్రూ అక్షరాలు, అరబ్బీ పద్ధతి నగిషీ కలగలిపి ఉంటాయి, పైన చెక్క కప్పు. ఆదివారం ఉచితం, కాకపోతే మధ్యాహ్నం 3కి మూసేస్తారు. భోజనం చేసి కెథడ్రల్‌కి.

సోమవారం వెళ్తే: కెథడ్రల్ పొద్దున 10కే, గుంపులు రాకముందే. తర్వాత టూరిస్ట్ రిస్ట్‌బ్యాండ్ కొనుక్కోండి, పుల్సేరా అంటారు. ఏడు చోట్లకి పనికొస్తుంది, విడివిడిగా అయితే ఒక్కోదానికి నాలుగు యూరోల దాకా అవుతుంది కాబట్టి నాలుగు చూస్తే గిట్టుబాటే. కెథడ్రల్ ఇందులో లేదు, చాలామంది ఉందనుకుని గుమ్మం దగ్గర వాదన పెట్టుకుంటారు. సాంతా మరియా లా బ్లాంకా ఇందులో ఉంది, పాత సినగాగ్, లోపలంతా తెల్లటి గుర్రపునాడా ఆర్చీలు, కాబట్టి సోమవారం వెళ్లినా సినగాగ్ తప్పిపోయిందన్న బాధ ఉండదు. క్రిస్తో దె లా లూస్ మసీదు కూడా ఇందులోనిదే, కట్టింది 999లో. చిన్న గదంత ఉంటుంది, కానీ పైన తొమ్మిది గుమ్మటాలు, ఏ రెండూ ఒక్కలా ఉండవు. పాపని తేడాలు వెతకమనండి, మీకు పావుగంట విశ్రాంతి.

నా మట్టుకు నాకు సోమవారమే మేలు.

మూటాముల్లె:

అమ్మో, ఆదివారం పొద్దున టూర్ ఒకటి దాదాపు బుక్ చేసేశాను! అందులో "కెథడ్రల్ విత్ గైడ్" అనే ఉంది. ఇప్పుడు కింద చదివితే ఆదివారాల్లో బయటి నుంచి మాత్రమే అని నిజంగానే రాసి ఉంది, బూడిద రంగు అక్షరాల్లో. పాతమ్యాపు గారికి ఒక కాఫీ బాకీ.

సోమవారం, రైలు, రెండూ ఖాయం. మా ఆయన సెగోవియా గురించి ఇంకా మూతి ముడుచుకునే ఉన్నారు, సర్దుకుంటారు. అత్తయ్య గారి మోకాళ్లే ఇక మిగిలిన సమస్య. రెండు మూడు గంటల వాకింగ్ టూర్ ఆవిడ వల్ల అవుతుందా? ఫ్రీ టూర్ సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

నడకపిచ్చి:

ఊరంతా ఎగుడుదిగుడు, గులకరాళ్లు పరిచిన సందులు, వానపడితే జారుతాయి. స్టేషన్ నుంచి సోకోదోవేర్ చౌక్‌కి నడిస్తే ఇరవై, ఇరవై ఐదు నిమిషాల ఎక్కుడు, అది వద్దే వద్దు, టాక్సీలో పైకి వెళ్లిపోండి. కోట గోడ పక్కన కొండలో తొలిచిన ఎస్కలేటర్లు కూడా ఉన్నాయి, 2000లో పెట్టారు, 36 మీటర్లు నిలబడే పైకి చేరతాం, కాకపోతే అవి బిసాగ్రా ద్వారం వైపు, రైల్వే స్టేషన్ నుంచి దూరమే.

ఫ్రీ టూర్ ముందు డబ్బు అడగదు, చివర మీకు తోచినంత ఇవ్వాలి. మామూలుగా మనిషికి పది, పదిహేను యూరోలు ఇస్తారు, కాబట్టి నలుగురికీ లెక్కేస్తే ఫ్రీ ఏమీ కాదు. లోపలికి ఎక్కడికీ తీసుకెళ్లరు. గైడ్లు మాత్రం చాలాసార్లు బాగుంటారు, ఎందుకంటే కథ పండితేనే వాళ్ల చేతికి నాలుగు డబ్బులు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, చాలా బుకింగ్ సైట్లలో వచ్చినవాళ్ల తలకి ఇంత అని గైడే ఎదురు కట్టాలి. సగంలో జారుకుంటే నష్టపోయేది వాళ్లే.

మీకైతే గుంపు టూరే వద్దంటాను. గుంపు మోకాళ్ల కోసం ఆగదు, ఆవిడ వెనకబడిన ప్రతిసారీ మీకు మొహమాటం, ఆవిడకి చిన్నతనం. కాస్తీయ-లా మంచా ప్రభుత్వ గుర్తింపు ఉన్న గైడ్‌ని రెండు గంటలకి మీ నలుగురికే మాట్లాడుకోండి. ధర మనిషి లెక్కన కాదు, గ్రూపు లెక్కన ఉంటుంది, నలుగురికి పంచితే పూర్తి రోజు బస్సు టూర్ కంటే పెద్ద తేడా రాకపోవచ్చు. ముందే రాయండి: పెద్దావిడ ఉన్నారు, ఎక్కుళ్లు తక్కువగా, కూర్చునే చోట్లు ఎక్కువగా ఉండే దారి కావాలి అని. కెథడ్రల్, అక్కడి నుంచి సాంతో తోమే చర్చి, అంతే చాలు.

సాంతో తోమేలో ఉన్నది ఒక్క బొమ్మే, ఎల్ గ్రెకో 1586 నుంచి 1588 దాకా వేసిన "ఓర్గాస్ ప్రభువు ఖననం". ఎల్ గ్రెకో క్రీట్ ద్వీపంవాడు, 1577లో ఈ ఊరొచ్చి 1614లో చచ్చిపోయేదాకా ఇక్కడే. బొమ్మ కింద ఎడమ వైపు ఒక పిల్లవాడు మన వైపు చూస్తూ వేలు చూపిస్తుంటాడు, అది చిత్రకారుడి కొడుకు. వాడి జేబులో రుమాలు మీద 1578 అని ఉంటుంది, వాడు పుట్టిన ఏడాది. పాపకి ముందు చెప్పకండి, వెతకమనండి.

సగం టికెట్:

మిరదోర్ మాత్రం వదలొద్దు. సోకోదోవేర్ దగ్గర నుంచి బొమ్మ రైలు లాంటి టూరిస్ట్ ట్రైన్ తిరుగుతుంది, నది చుట్టూ తిప్పి వ్యూ పాయింట్ దగ్గర ఫొటోకి ఆపుతుంది. పెద్దవాళ్లం మనం కాస్త సిగ్గుపడతాం గానీ, కూర్చునే ఊరంతా చూడొచ్చు, అత్తయ్య గారికి మంచిది. బాగా ఎండగా ఉంటే భోజనం తర్వాత ఎక్కండి, వేసవి మధ్యాహ్నాలు 40 డిగ్రీలకి పోతాయి.

మూటాముల్లె:

సొంత గైడ్ ఆలోచన మా ఇంట్లో అందరికీ నచ్చింది, అత్తయ్య గారికి మరీను, "నా కోసం ఎవరూ ఆగక్కర్లేదు" అంటూనే రెండుసార్లు అడిగారు బుక్ చేశావా అని. ఇద్దరికి మెయిల్ పెట్టాను. ఒకరు గంటలోనే జవాబిచ్చి, మోకాళ్ల సంగతి వాళ్లే తిరిగి అడిగారు, ఆవిడనే ఖాయం చేసేలా ఉన్నాం.

చివరిగా తిండి. అత్తయ్య గారు శాకాహారి, గుడ్డు కూడా తినరు.

పాతమ్యాపు:

పిస్తో మాంచేగో అడగండి, వంకాయ, టొమాటో, క్యాప్సికమ్, గుమ్మడి జాతి కాయ కలిపి ఉడికించిన కూర. పైన గుడ్డు పెట్టి ఇస్తారు చాలా చోట్ల, "సిన్ వేవో" అంటే గుడ్డు లేకుండా. కూరగాయల వంటకంలో కూడా పంది మాంసం ముక్కలు తగలొచ్చు, "సిన్ హమోన్" (పంది మాంసం లేకుండా) అన్న మాట కూడా నేర్చుకోండి. హోటళ్లలో మధ్యాహ్న భోజనం 2 గంటల వేళకి గానీ ఊపందుకోదు, ఆవిడకి ఒంటిగంటకే ఆకలేస్తే బ్యాగులో ఏదైనా ఉంచండి.

తీపికి మార్జిపాన్, బాదంతో చేసే మిఠాయి. టొలేదో పేరుతో అమ్మాలంటే సగానికి తగ్గకుండా బాదం ఉండాలని నియమం. కొన్నింటికి పైన గుడ్డు సొన పూస్తారు, అడిగి కొనండి.

మూటాముల్లె:

బాదం అన్న మాట అత్తయ్య గారి చెవిన పడింది, కిలో చాలదేమో అంటున్నారు. ఎన్నాళ్లు నిలవ ఉంటుంది అది?

పాతమ్యాపు:

డబ్బా మీద తేదీ వేస్తారు. మేము కొన్నది రైలు మాడ్రిడ్ చేరేదాకా కూడా లేదు, అరగంట ప్రయాణం.