పాలమూరు, నల్లగొండ నుంచి విమానం ఎక్కాలంటే: శంషాబాదా, ఓర్వకల్లా? గుడిబండ సంగతేంది?

పిల్లలమర్రి (ప్రశ్న): అన్నలూ, అమ్మా నాయిన తొలిసారి విమానం ఎక్కుతున్నరు. శంషాబాద్ నుంచి బెంగళూరు, పొద్దున 6.40కి. మహబూబ్‌నగర్ నుంచి ఎన్నింటికి బయల్దేరాలె? రైలులో పోతే కుదురుతదా? అట్లనే మన దిక్కు కడతరంటున్న గుడిబండ ఎయిర్‌పోర్ట్ ఎప్పుడొస్తదో, వస్తే ఏ కంపెనీలు నడుపుతయో తెలిసినోళ్లు చెప్పండి.

ఎన్‌హెచ్44: తమ్మీ, విమానం టైము నుంచి ఎనక్కి లెక్కేసుకో. చెకిన్ కౌంటర్ గంట ముందు మూస్తరు, అంటే 5.40. ఆ తర్వాత బ్యాగు తీసుకోరు, ఎంత బతిమాలినా సరే. గేటు సుమారు 25 నిమిషాల ముందు మూస్తరు, అంటే 6.15. తొలిసారి పోయేటోళ్లకు లోపల అడుగడుగునా అడుగుతూ పోవాల్సి ఉంటది కాబట్టి 4.30కల్లా టర్మినల్ తలుపు దగ్గరుండాలె. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా 85 కిలోమీటర్లకు అటుఇటు. తెల్లారుజామున గంటన్నర చాలు. టోలు ఒక్కటే, రాయికల్ దగ్గర. ఫాస్టాగ్‌లో పైసలున్నయో లేవో రాత్రే చూసుకో, ఖాళీగుంటే ఎక్కువ కట్టాలె. 2.40కి ఇంట్ల నుంచి కదిలితే నిమ్మళంగ పోవచ్చు.

ఇంకో మాట. బయల్దేరే విమానాలు పై అంతస్తు, దిగేవి కింద. ర్యాంపు ఎక్కకుండ కింద దింపితే పెద్దోళ్లు సామాను పట్టుకొని లిఫ్టు వెతుక్కోవాలె.

కాచిగూడ లైను: రైలు గురించి నేను చెప్తా. మహబూబ్‌నగర్ లైను రెండు పట్టాలైనంక బండ్లు నయమే, కానీ 6.40 విమానానికి రైలును నమ్మొద్దు. మధ్యాహ్నం, సాయంత్రం విమానాలకైతే ఉందానగర్ స్టేషన్‌లో దిగొచ్చు, శంషాబాద్ ఊరి స్టేషన్ అదే. ఎక్స్‌ప్రెస్‌లన్నీ అక్కడ ఆగవు, టికెట్ కొనేముందే చూసుకోండి. స్టేషన్ నుంచి టర్మినల్‌కు రైలు లేదు. సామానుంటే క్యాబ్ మాట్లాడుకోవాల్సిందే. బస్సులో వచ్చేటోళ్లు శంషాబాద్‌లోనో ఆరాంఘర్‌లోనో దిగుతరు. ఆరాంఘర్ దాటి సిటీలోకి పోయి మళ్లీ ఎనక్కి రావడం వట్టి దండుగ.

పానగల్లు: నల్లగొండ వైపు వాళ్ల కోసం. నార్కట్‌పల్లి, చిట్యాల మీదుగా ఎన్‌హెచ్ 65, పంతంగి టోలు, పెద్దఅంబర్‌పేట దగ్గర ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కాలి. అది 11వ ఎగ్జిట్. దిగాల్సింది 16, శంషాబాద్. ఎల్బీనగర్ లోపలికి పోయి చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ పట్టుకుంటే దూరం తగ్గినట్టు కనిపిస్తుంది గానీ సాయంత్రం పూట గంట ఎక్కువే పడుతుంది. బస్సులో వచ్చేవాళ్లకు మాత్రం ఎల్బీనగరే దారి, అక్కడ ఎయిర్‌పోర్ట్ పుష్పక్ ఏసీ బస్సు ఎక్కొచ్చు.

సంక్రాంతికి ముందు మూడు రోజులు విజయవాడ వైపు, పండుగ అయ్యాక హైదరాబాద్ వైపు పంతంగి దగ్గర బండ్లు కదలవు. తిరుగు ప్రయాణాల రోజుల్లో విమానం ఉంటే సాగర్ రోడ్డుకు మారండి. ఇబ్రహీంపట్నం మీదుగా వచ్చి బొంగుళూరు దగ్గర ఓఆర్ఆర్ ఎక్కాలి, 12వ ఎగ్జిట్. డిండి, కల్వకుర్తి, ఆమనగల్లు వాళ్లకు శ్రీశైలం రోడ్డు ఉంది, తుక్కుగూడ దాకా వస్తే ఎయిర్‌పోర్ట్ పక్కనే. వీళ్లు షాద్‌నగర్ వైపు తిరగనే అక్కర్లేదు.

కోదాడ, హుజూర్‌నగర్ వాళ్లు విజయవాడ దగ్గరి గన్నవరం ఎయిర్‌పోర్ట్ కూడా చూడండి. దూరం తక్కువే, కానీ విమానాలు కొన్ని ఊళ్లకే. ఢిల్లీ, బెంగళూరు లాంటివాటికి రేటు పోల్చి చూసుకోవచ్చు. అమెరికా, గల్ఫ్ ప్రయాణమైతే నేరుగా శంషాబాదే రండి.

అలంపూర్ చౌరస్తా: గద్వాల, అలంపూర్ వాళ్లకు కర్నూలు దగ్గరి ఓర్వకల్లు ఉంది. 2021 మార్చి 28న ఇండిగో బెంగళూరు, చెన్నై, విశాఖకు మొదలుపెట్టింది, 2025 జులైలో విజయవాడ కలిసింది. రన్‌వే 2,000 మీటర్లు, వచ్చేవి ఏటీఆర్ చిన్న విమానాలు. చిక్కు ఎక్కడంటే, అన్ని ఊళ్లకు రోజూ ఉండవు. ఇవాళ్టిది రద్దయితే తర్వాతిది రెండు రోజులకు ఉండొచ్చు. ఇంటర్వ్యూ, వీసా, ఆపరేషన్ లాంటి పనికి పోయేవాళ్లు దాన్నే నమ్ముకోకండి. బుక్ చేసేముందు వారంలో ఏయే రోజులో కంపెనీ యాప్‌లో తేదీలు మార్చి మార్చి చూడండి.

కృష్ణా తీరం: గుడిబండ గురించి నేను చెప్తాను, ఊరించడం లేకుండా.

అడ్డాకుల దగ్గరి గుడిబండ, రాష్ట్రం ప్రతిపాదించిన ఆరు విమానాశ్రయాల్లో ఒకటి. మిగతావి వరంగల్ మామునూరు, ఆదిలాబాద్, బసంత్‌నగర్, జక్రాన్‌పల్లి, పాల్వంచ. అడ్డు ఎక్కడంటే, శంషాబాద్ ఒప్పందంలోనే ఒక షరతు ఉంది. ఎయిర్‌పోర్ట్ మొదలైన 25 ఏళ్లదాకా 150 కిలోమీటర్ల లోపల కొత్త విమానాశ్రయం రాకూడదు. మొదలైంది 2008 మార్చి, కాబట్టి గడువు 2033 మార్చి. రోడ్డు దూరం కాదు, గాలిలో గీసిన వలయం. గుడిబండ, నల్లగొండ, సూర్యాపేట ఆ వలయం లోపలే. కోదాడ, ఓర్వకల్లు బయట.

పిల్లలమర్రి: మరి వరంగల్‌కు ఎట్ల ఇచ్చిన్రు?

కృష్ణా తీరం: షరతు గోడ కాదు, శంషాబాద్ నడిపే జీఎంఆర్ ఒప్పుకుంటే తెరుచుకునే తలుపు. మామునూరుకు ఒప్పుకుంది, 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి వచ్చింది. అక్కడ 696 ఎకరాలు, పాత రన్‌వే ముందే ఉన్నాయి. ఇంకో 253 ఎకరాలకు రాష్ట్రం 205 కోట్లు ఇచ్చింది, రన్‌వేను 2,800 మీటర్లకు పెంచాలని. ఆదిలాబాద్‌లోనూ పాత ఎయిర్‌ఫీల్డే. గుడిబండ అట్లా కాదు, నాగలి నడిచే నేలలో సున్నా నుంచి కట్టాలి. అందుకే వరుసలో వెనుక ఉంది.

అంతకన్నా పెద్ద చిక్కు ప్రయాణికుల లెక్క. ఏటీఆర్‌లో 70 నుంచి 78 సీట్లు. రోజుకు ఒక్క రానుపోను విమానం నడిపినా దాదాపు 150 సీట్లు నిండాలి. గుడిబండ నుంచి హైదరాబాద్‌కు ఎవరూ విమానం ఎక్కరు, నాలుగు వరసల రోడ్డు మీద శంషాబాద్ గంటన్నర దూరం. మిగిలింది బెంగళూరు, తిరుపతి. ఆ పక్కకు రాత్రి రైళ్లు, స్లీపర్ బస్సులు ఉన్నాయి. చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే ఉడాన్ పథకం కింద నష్టానికి కేంద్రం సొమ్ము ఇస్తుంది గానీ కొన్నేళ్లే. ఆ తర్వాత కంపెనీ సొంత లెక్క చూసుకుంటుంది.

బీదర్ చూడండి. అదీ వలయం లోపలిదే. 2020 ఫిబ్రవరిలో ట్రూజెట్ బెంగళూరు విమానం నడిపింది. ఆ కంపెనీ ఆగిపోవడంతో సర్వీసూ ఆగింది, తర్వాత స్టార్ ఎయిర్ వచ్చింది, మధ్యలో మళ్లీ ఆగింది. ఎయిర్‌ఫోర్స్ రన్‌వే రెడీగా ఉన్నచోటే పరిస్థితి అట్లా ఉంది. నన్నడిగితే పాలమూరు వాళ్లు అడగాల్సింది రన్‌వే కాదు, జడ్చర్ల నుంచి టర్మినల్ తలుపు దాకా రాత్రీ పగలూ నడిచే బస్సు.

ఎన్‌హెచ్44: పిలగాండ్లు గుడిబండ ఎయిర్‌పోర్ట్ వస్తే ఇక్కడనే ఉద్యోగం అని ఆశ పెట్టుకుంటున్నరు, వాళ్లకు ఈ లెక్క చెప్పాలె.

పానగల్లు: నల్లగొండకు మెట్రో ఆశే దగ్గరిది. నాగోల్, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా ఎయిర్‌పోర్ట్‌కు 36.8 కిలోమీటర్ల లైను, రాష్ట్రం 2024లో ఆమోదించి కేంద్రానికి పంపింది. అది పడితే ఎల్బీనగర్‌లో దిగి నేరుగా ఎక్కొచ్చు.

కృష్ణా తీరం: కొత్త కంపెనీల సంగతి కూడా చెప్తా. శంషాబాద్‌కు పెద్దవే వస్తున్నాయి: 2024 జనవరిలో లుఫ్తాన్సా ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి, 2025 సెప్టెంబర్‌లో కేఎల్ఎం ఆమ్‌స్టర్‌డామ్ నుంచి. యూరప్‌లో ఒక్కచోట మారి అమెరికా పోయేవాళ్లకు గల్ఫ్ కాకుండా ఇంకో దారి దొరికింది. రెండు రన్‌వేలు, పొడవైనది 4,260 మీటర్లు. టర్మినల్‌ను ఏడాదికి 3.4 కోట్ల మందికి సరిపడా పెంచారు. 2023-24లోనే 2.5 కోట్ల మంది వచ్చారు, అంటే ఆ జాగా త్వరగానే నిండుతుంది.

కొత్త విమానాల కబురు కావాలంటే ఏడాదికి రెండుసార్లు చూడండి చాలు. వేసవి పట్టిక మార్చి చివరి ఆదివారం, శీతాకాలం పట్టిక అక్టోబర్ చివరి ఆదివారం మారతాయి. ముందే బుక్ చేసుకున్న టికెట్ల టైములు కూడా అప్పుడే జరుగుతాయి. మెసేజ్ వచ్చిందో లేదో చూసుకోండి.

జడ్చర్ల ట్రావెల్స్: తమ్మీ, అసలు తప్పులు పేరు దగ్గర జరుగుతాయి. మన ఆధార్‌లో "కె. లక్ష్మమ్మ" అని ఉంటుంది, టికెట్ ఫారంలో ఇంటిపేరు వేరే గడి అడుగుతుంది. ఆధార్‌లో ఉన్న అక్షరాలే రాయాలి, ఇంట్లో పిలిచే పేరు రాయొద్దు. పేరు ఒక్కటే ఉంటే ఇంటిపేరు గడిలో కూడా అదే పేరు రాయమంటాయి చాలా కంపెనీలు. దుబాయ్ విజిట్ వీసాకైతే పాస్‌పోర్ట్‌లో ఒంటి పేరు ఉంటే 2022 నవంబర్ నుంచి ఒప్పుకోవట్లేదు, ముందే పాస్‌పోర్ట్ సరిచేయించుకోవాలి.

సామాను: దేశంలోపల సాధారణంగా చెకిన్ 15 కిలోలు, చేతిలో 7. ఎండు కుడుకలు (ఎండు కొబ్బరి) చెకిన్ బ్యాగులో పెట్టొద్దు, నూనె ఎక్కువ, తనంత తనే వేడెక్కి అంటుకునే సరుకు కింద లెక్క. పవర్ బ్యాంక్ చేతి బ్యాగులోనే ఉండాలి. ఆవకాయ చెకిన్‌లో పంపండి. సీసా కాదు, ప్లాస్టిక్ డబ్బా. పైదాకా నింపాలి, ఖాళీ ఉంటే పైన గాలి వ్యాకోచించి నూనెను మూత సందుల్లోంచి తోస్తుంది. మూత కింద పాలిథిన్ ముక్క పెట్టి బిగించి, చుట్టూ టేపు వేసి, రెండు జిప్ కవర్లలో పెట్టి బట్టల నడుమ ఇరికించండి.

పిల్లలమర్రి: సార్, కుడుకలు నిజంగనే పెట్టిండు నాయిన. తీయిస్త. అమ్మకు మోకాళ్ల నొప్పి, ఎక్కువ నడవలేదు.

జడ్చర్ల ట్రావెల్స్: వీల్‌చెయిర్ ఇవాళే అడగండి, యాప్‌లోనో కస్టమర్ కేర్‌లోనో. ప్రయాణానికి 48 గంటల ముందు చెబితే మంచిది. టర్మినల్ తలుపు దగ్గర కంపెనీ కౌంటర్‌లో చెబితే మనిషి వచ్చి విమానం దాకా తీసుకుపోతాడు. బెంగళూరులో దిగేటప్పుడు కూడా కావాలని అదే బుకింగ్‌లో ఉండాలి, అటువైపుది వేరుగా చూసుకోండి. తీసుకుపోయే మనిషి వచ్చేదాకా అమ్మను సీట్లోంచి లేవొద్దని చెప్పండి.