ఆకు ఎదుగుదల మీద పీహెచ్‌డీ: చేసినవాళ్లు చెప్పండి

చిగురు: ఎమ్మెస్సీ బాటనీ అయిపోయింది. ఆకు ఆకారం మీద పనిచేసే ల్యాబ్‌లో సీటు వచ్చేలా ఉంది. ఇంట్లో "అన్నేళ్లూ ఆకులు చూస్తూ కూర్చుంటావా?" అంటున్నారు. నిజంగా రోజూ ఏం పని ఉంటుంది? తర్వాత ఉద్యోగాల సంగతేంటి? కొంచెం టెన్షన్‌గానే ఉంది.

పాతపోస్ట్‌డాక్: రోజూ ఉండేది లెక్కపెట్టే పనేనండి. అరబిడాప్సిస్ అని ల్యాబుల్లో పెంచే చిన్న మొక్క ఉంటుంది, దాని ఆకును ఆల్కహాల్, ఎసిటిక్ యాసిడ్ మిశ్రమంలో వేస్తే పచ్చదనం పోతుంది. తర్వాత క్లోరల్ హైడ్రేట్‌లో ఉంచితే తేటపడుతుంది. మైక్రోస్కోప్ కింద పైపొర కణాలు వంకరటింకర అంచులతో ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని కనిపిస్తాయి. ఒక్కో కణం అంచునూ మౌస్‌తో గీసి వైశాల్యం తీయాలి. మెడ పట్టేస్తుంది, కానీ అసలు మజా అక్కడే. ఏఎన్3 జన్యువు పనిచేయని మొక్కలో ఆకు కణాల సంఖ్య బాగా తగ్గుతుంది. ఆకు మాత్రం అంత చిన్నదవదు, ఉన్న కణాలే మామూలుకన్నా పెద్దవవుతాయి. జపాన్ శాస్త్రవేత్త హిరోకాజు త్సుకాయా ఏళ్ల తరబడి పనిచేసిన 'కాంపెన్సేషన్' ఇదే. ఆకును స్కేలుతో కొలిచి ఊరుకుంటే చచ్చినా తెలియదు.

ముడతాకు: నాది ఆకు మడతల మీద పని. 2003లో ఉత్పల్ నాథ్, ఎన్‌రికో కోయెన్ వాళ్లు స్నాప్‌డ్రాగన్ అనే పూల మొక్కలో చూపించింది చదవండి. కణ విభజన ఆగడం ఆకు కొసన మొదలై కాడ వైపు దిగుతూ వస్తుంది. సిన్సిన్నాటా జన్యువు దెబ్బతింటే అంచుల్లో అది ఆలస్యంగా ఆగుతుంది. అంచు మరీ ఎక్కువ పెరిగితే ఆకు చదునుగా ఎలా ఉంటుంది? కుచ్చెళ్లు పడుతుంది.

వేరుపురుగు: అంతా బాగానే ఉంది గానీ తమ్ముడూ, గ్రాంట్ కోసం వెళ్తే ముందు అడిగేది 'పంటకేం లాభం' అనే. అందుకే నేను పత్రరంధ్రాల వైపు జరిగాను. ఐఆర్64 అనే వరి రకంలో ఈపీఎఫ్1 జన్యువు ఎక్కువగా పనిచేసేలా చేసి పత్రరంధ్రాలు తగ్గించారు, 2019లో పేపర్ వచ్చింది. ఆ మొక్కలు నీళ్లు పొదుపుగా వాడుకుని ఎద్దడిని తట్టుకున్నాయి. అలాంటిదొకటి చేతిలో ఉంటే ఇంటర్వ్యూలో మాట సాగుతుంది.

పాతపోస్ట్‌డాక్: నేను ఒప్పుకోను. 1950ల్లో ఇయాన్ ససెక్స్ బంగాళదుంప మొక్క చిగురు కొనకీ, అప్పుడే పుడుతున్న ఆకుకీ మధ్య చిన్న గాటు పెట్టారు. ఆకు వెడల్పు కాలేదు, పైవైపు కిందివైపు తేడా లేకుండా గుండ్రంగా పెరిగింది. ఏ పంట లాభం చూసుకుని చేశారాయన? ఆకు పైవైపునీ కిందివైపునీ తేల్చే కనాడి, హెచ్‌డీ-జిప్ 3 జన్యువుల కథంతా, ఆ తేడా ఎలా వస్తుందన్న ప్రశ్న వెనకే నడిచింది.

వేరుపురుగు: ప్రశ్న గొప్పదే అన్నా. జీతం ఎవరిస్తారన్నదే నా గొడవ.

ముడతాకు: జీతం మాటకొస్తే, ఫ్యాకల్టీ పోస్టులు తక్కువ, ఒక్క పోస్ట్‌డాక్‌తో (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) తేలడం అరుదు. నాతో చేసినవాళ్లలో కొందరు విత్తన కంపెనీలకు, కొందరు ఇమేజ్ అనాలిసిస్‌కు వెళ్లారు. కణాల బొమ్మల్ని కొలిచే మార్ఫోగ్రాఫ్‌ఎక్స్ సాఫ్ట్‌వేర్, పైథాన్ ప్రోగ్రామింగ్ మొదటి ఏడాదే నేర్చేసుకోండి.

చిగురు: థాంక్స్ అండీ. గైడ్‌ను కలిసినప్పుడు ఏం అడగాలి?

పాతపోస్ట్‌డాక్: కన్‌ఫోకల్ మైక్రోస్కోప్ మీద వారానికి ఎన్ని గంటలు దొరుకుతాయో అడగండి. పీహెచ్‌డీ ఎన్నేళ్లకు తేలుతుందో మాత్రం ఆయన్ని కాదు, అక్కడి స్టూడెంట్స్‌ని అడగండి.