అరకుని ఊరు చేసింది రైలే. ఒప్పుకోవడానికి ఏం పోయింది?

కేకే_లైన్
ఈ మధ్య ఏ వీడియో చూసినా అరకు అంటే కాఫీ, బొంగు చికెన్, పొగమంచు. రైలు ఊసు ఎత్తేది కిటికీ పక్కన సెల్ఫీ కోసమే. నేను అరకులో పుట్టి పెరిగినవాణ్ణి, కాబట్టి చెబుతున్నాను, ఈ ఊరిని ఊరు చేసింది కొత్తవలస–కిరండూల్ లైను. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల్లో ఇనుప ఖనిజం ఉంది, అది జపాన్‌కి వెళ్ళాలి, అందుకు విశాఖ పోర్టు దాకా పట్టాలు కావాలి, ఆ పట్టాలు తూర్పు కనుమలు ఎక్కి దిగాలి. దారిలో అరకు తగిలింది, అంతే. 1960లలో మా తాత విజయనగరం వైపు నుంచి సొరంగాల పనికి కూలీగా వచ్చాడు. అప్పటికి అక్కడ పది గుడిసెలు, ఒక సంత తప్ప ఏమీ లేవని చెప్పేవాడు. తర్వాత స్టేషన్ పడింది, క్వార్టర్లు పడ్డాయి, టీ బడ్డీ పడింది, బడ్డీ పక్కన కిరాణా పడింది. ఊరంటే అదే కదా? శిమిలిగుడ స్టేషన్‌లో బోర్డు చూడండి, 996.32 మీటర్లు, దేశంలోనే ఎత్తైన బ్రాడ్ గేజ్ స్టేషన్. అదంతా మా పెద్దవాళ్ళ చెమట.

బీచ్‌రోడ్_వాసు
మిగతాదంతా మీ ఇష్టం గానీ ఆ చివరి మాట తప్పు. శిమిలిగుడ ఒకప్పుడు ఎత్తైనది. 2008లో కశ్మీర్ లోయలో రైలు మొదలయ్యాక ఆ లెక్క మారిపోయింది. అక్కడి స్టేషన్లన్నీ పదిహేను వందల మీటర్ల పైమాటే, అవీ బ్రాడ్ గేజే. ఎవరైనా ఊటీ, ఘుమ్ అని వచ్చే లోపు ముందే చెప్పేస్తున్నాను, ఊటీది మీటర్ గేజ్, ఘుమ్‌ది న్యారో గేజ్, వాటిని ఇందులో కలపకూడదు.

కందిపప్పు
బొంగు చికెన్ ఎక్కడ బాగుంటుందో చెప్పి తర్వాత కొట్టుకోండి.

కేకే_లైన్
వాసు గారూ, ఒకప్పుడో ఇప్పుడో, బోర్డు ఉందా లేదా?

బీచ్‌రోడ్_వాసు
బోర్డు మీద రాసిందల్లా నిజం కాదండీ. ఇంకోటి, శిమిలిగుడ అరకు కాదు. అరకుకి ముందు స్టేషన్ అది. అరకు తొమ్మిది వందల పది మీటర్ల దగ్గర ఉంది, అంటే శిమిలిగుడ దాటాక రైలు కిందికి దిగుతుంది. పేరే లోయ. చుట్టూ గాలికొండ లాంటివి నిలబడి ఉంటే మధ్యలో పళ్ళెంలా ఉన్నది అరకు. కాబట్టి ఎత్తు గురించి గొప్పలు చెప్పుకోవాలంటే శిమిలిగుడ వాళ్ళు చెప్పుకోవాలి.

గాలికొండ_గాలి
మీరిద్దరూ మీటర్లు కొలుచుకోండి, నాకు పైనున్న ఒక్క వాక్యం దగ్గరే కాలు తట్టుకుంది. "పది గుడిసెలు, ఒక సంత తప్ప ఏమీ లేవు." కేకే అన్నా, పది గుడిసెల కోసం సంత ఎవరు పెడతారు? సంత ఉందంటే చుట్టూ ఒక పొద్దు నడక దూరంలో ఊళ్ళు ఉన్నట్టే. మాది డుంబ్రిగుడ వైపు. మా నానమ్మ పసుపు, చింతపండు, అడ్డాకుల కట్టలు నెత్తిన పెట్టుకుని తెల్లవారుజామున బయల్దేరితే సంతకి చేరేసరికి ఎండ ఎక్కేది. తిరిగి వచ్చేటప్పుడు ఉప్పు, ఎండు చేపలు. ఎండు చేప కొండ మీద పుట్టదు కదా, రైలు లేనప్పుడు కూడా కింది నుంచి ఎవరో మోసుకొచ్చి అమ్మేవారు. ఊళ్ళ పేర్ల చివర చూడండి, గుడ, పుట్టు, వలస. బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియాలు, పోర్జాలు, మా కోందులు, ఇన్ని తెగల వాళ్ళు సంతలో మాట్లాడుకోవడానికి ఆదివాసీ ఒడియా ఉండేది, ఇప్పటికీ ఉంది. 1936లో ఒరిస్సా విడిపోయి కొరాపుట్ అటు వెళ్ళేదాకా ఇదంతా ఒకటే విశాఖపట్నం జిల్లా. అరకు అప్పుడు ఎక్కడో విసిరేసిన మూల కాదు, ఆ కొరాపుట్ పీఠభూమి నుంచి కిందికి దిగే దారుల్లో ఒకటి.

కాఫీగింజ
రైలూ కాదు సంతా కాదు, కాఫీ. పారిస్‌లో అరకు పేరుతో కాఫీ షాపు ఉంది. 2019లో అరకు అరబికాకి జీఐ ట్యాగ్ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. ప్రపంచానికి ఆ పేరు తెలిసిందే దానివల్ల.

గాలికొండ_గాలి
కాఫీ ఈ కొండలకి వచ్చింది 1898లో, అదీ రంప వైపు పాములేరు లోయలో. అరకు చుట్టుపక్కల గిరిజన రైతులు సొంతంగా వేసుకోవడం చాలా తర్వాతి మాట. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్టుకే మిరియం తీగ. మా ఇంట్లోనూ ఉంది, కాదనను. కానీ అది ఊరికి పేరు తెచ్చింది, ఊరిని కాదు.

ఎస్‌కోట_బుల్లోడు
పద్మాపురం గార్డెన్ మర్చిపోయారు. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడు సైనికులకి కూరగాయలు పండించడానికి పెట్టిన తోట అది. అంటే రైలు రావడానికి ఇరవై ఏళ్ళ ముందే అక్కడికి సర్కారు బండి వెళ్ళేది. ఘాట్ రోడ్డు మా ఎస్.కోట మీదుగానే కాబట్టి సగం క్రెడిట్ మాది.

కేకే_లైన్
తోట వేరు, ఊరు వేరు. తోటలో క్యాబేజీ ఉంటుంది, ఊళ్ళో మనుషులుంటారు.

బీచ్‌రోడ్_వాసు
అసలు బయటివాళ్ళకి ఈ ప్రాంతం తెలిసింది బొర్రా గుహల వల్ల. 1807లో భారత భూగర్భ సర్వే శాఖకి చెందిన విలియం కింగ్ కనిపెట్టాడు. రైలుకి 150 ఏళ్ళ ముందు.

ఎస్‌కోట_బుల్లోడు
వాసు బాబూ, ఆ శాఖ పుట్టింది 1851లో. పుట్టని శాఖలో ఆయన 1807లో ఎలా ఉద్యోగం చేశాడో కాస్త చెప్పు.

బీచ్‌రోడ్_వాసు
నేను కల్పించలేదండీ, అన్ని చోట్లా అలాగే ఉంది.

ఎస్‌కోట_బుల్లోడు
"బోర్డు మీద రాసిందల్లా నిజం కాదండీ." ఎవరన్నారో పైకి వెళ్ళి చూసుకో.

కందిపప్పు
😂😂

బీచ్‌రోడ్_వాసు
సరే, 1807 తప్పే అనుకుందాం. ఎవరో ఒక దొర కనిపెట్టాడన్నది మాత్రం నిజమే కదా?

గాలికొండ_గాలి
ఈ "కనిపెట్టడం" ఏంటో నాకు చిన్నప్పటి నుంచీ అర్థం కాదు. ఆవు పై కన్నంలోంచి గుహలో పడితే, దాన్ని వెతుక్కుంటూ లోపలికి దిగిన కాపరి లింగం చూశాడని అక్కడ అందరూ చెప్పే కథ. గోస్తని నది పేరు కూడా దాంతోనే ముడిపెడతారు. కథ నిజమో కాదో వదిలేయండి, ఆ కథ చెప్పుకునేవాళ్ళు అక్కడే ఉన్నారు కదా? మా ఇంటి వెనక పెరడుని ఎవడో వచ్చి కనిపెట్టాడంటే ఎలా ఉంటుంది? మీ రైలు సొరంగాలు తవ్వింది ఏ రాయిలోనో తెలుసా, ఖోండలైట్. తూర్పు కనుమల్లో ఎటు చూసినా అదే. కోందుల పేరు మీద పెట్టిన పేరది. రాయికి మా పేరు పెట్టారు, ఊరి చరిత్ర దగ్గరికి వచ్చేసరికి "ఏమీ లేవు".

కేకే_లైన్
తమ్ముడూ, ప్రతిదీ నీ మీదికి లాక్కుంటున్నావు. నేను ఎవర్నీ తక్కువ చేయలేదు. ఆ ఖోండలైటే వానాకాలంలో పెళ్ళలు పెళ్ళలుగా ఊడి పట్టాల మీద పడుతుంది, రాత్రిపూట లాంతరు పట్టుకుని ఆ రాళ్ళ కోసం గస్తీ తిరిగింది మా తాత. ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు ఆయనకి. మందు పేల్చినప్పుడు పోయాయి. నేను చిన్నప్పుడు ఆ చేత్తోనే నాకు అన్నం కలిపి పెట్టేవాడు. ఉన్నమాట చెప్పాలంటే, ఆ రైలే లేకపోతే మీ వాళ్ళు ఇప్పటికీ అడ్డాకులు మోసుకుంటూ ఆ కొండ మీదే ఉండేవాళ్ళు.

ఎస్‌కోట_బుల్లోడు
అయిపోయింది. అనకూడని మాట అనేశాడు.

గాలికొండ_గాలి
కొండ మీదే ఉన్నాం అన్నా. ఎక్కడికీ పోలేదు. సమస్యే అది, మేం ఉండగానే కొండ పోతోంది.

మా పెదనాన్న పేరు మీద ఒక రిసార్టు ఉంది. పద్దెనిమిది గదులు, కింద హోటల్. లైసెన్సు ఆయన పేరే, కరెంటు బిల్లు ఆయన పేరే. ఆయన మాత్రం గేటు దగ్గర నీలం చొక్కా వేసుకుని కూర్చుంటాడు, కారు వస్తే లేచి తాడు దింపుతాడు. నెల జీతం. కాగితాల్లో ఓనరు, గేటు దగ్గర వాచ్‌మన్. అసలు ఓనరు కింది నుంచి నెలకోసారి వచ్చి లెక్క చూసుకుని వెళ్తాడు. వలిసె పూలు పూసే రోజుల్లో మా చేలో దిగి తొక్కేసేవాళ్ళని ఫోటోకి ఇరవై రూపాయలు అడిగితే "ఏం, నీ అబ్బ సొత్తా" అన్నాడొకడు. అవును, మా అబ్బ సొత్తే. ఇంత స్పష్టంగా జవాబు చెప్పగలిగే ప్రశ్న నన్నెవరూ అంతకు ముందు అడగలేదు.

"ఏమీ లేవు" అన్న మాటకి నేనెందుకు ఉడుక్కుంటున్నానో ఇప్పటికైనా అర్థమైందా? ఏమీ లేని చోట ఎవరైనా ఏమైనా కట్టుకోవచ్చు కదా.

మోడరేటర్
"మీ వాళ్ళు", "మా వాళ్ళు" భాష తగ్గించండి. ఇంకోసారి అయితే తాళం వేస్తాను.

కందిపప్పు
ఆ రిసార్టు పేరేంటి?

మోడరేటర్
పేర్లు వద్దు.

కేకే_లైన్
నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అలా అనకుండా ఉండాల్సింది. కానీ నా వైపు కూడా వినండి. నేను రిసార్టు వాణ్ణి కాను. మూడు తరాలుగా అక్కడే ఉన్నాం. మా నాన్న స్టేషన్ దగ్గర కిరాణా నడిపాడు, ఇప్పుడు నేను నడుపుతున్నాను. మా నాన్న పోయింది ఆ ఊళ్ళోనే, కాల్చింది అక్కడే. అయినా ఇల్లు మా పేరున పెట్టుకోలేం. 1/70 చట్టం, ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల పేరు మీదికి మారకూడదంటుంది. పాప చదువుకి లోను కోసం వెళ్తే బ్యాంకులో మొదటి ప్రశ్న, ఇంటి కాగితాలు తెచ్చారా అని. కాగితాలు లేని ఇంట్లో అరవై ఏళ్ళుగా ఉంటున్నామని వాళ్ళకి ఎలా చెప్పాలి? రైలు ఊరిని చేసిందని నేను పదే పదే అనేది అందుకే. ఊరు కట్టిన వాళ్ళకి ఊళ్ళో అడుగు చోటు లేదు.

బీచ్‌రోడ్_వాసు
1970లో తెచ్చిన చట్టం ఇంకా ఎందుకు? అభివృద్ధి ఆగిపోయేది దానివల్లే.

గాలికొండ_గాలి
వాసు గారూ, 1970 అని మీరు అనుకుంటున్నారు. ఏజెన్సీలో కొండవాళ్ళ భూమి సర్కారు ఏజెంటు, అంటే కలెక్టరు, అనుమతి లేకుండా బయటివాళ్ళకి వెళ్ళకూడదన్న చట్టం 1917 నుంచీ ఉంది, మద్రాసు రోజుల నుంచి. 1959లో మళ్ళీ రాశారు. 1970లో గట్టిగా బిగించింది ఏంటంటే, గిరిజనేతరులు తమలో తాము కూడా అమ్ముకోకూడదు, అమ్మితే గిరిజనుడికే అమ్మాలి. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి మొదట గిరిజనుడిదే అని చట్టం అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది అవతలి వాడు. మీకు ఇది అన్యాయంగా కనిపిస్తుంది. ఇంత చట్టం ఉన్నా మా పెదనాన్న గేటు దగ్గర కూర్చున్నాడు, లేకపోతే ఎక్కడ కూర్చునేవాడో ఆలోచించండి. బొర్రా వైపు గనుల లీజులు 1997లో సుప్రీంకోర్టులో, సమత అనే సంస్థ వేసిన కేసులో ఆగింది కూడా దీని బలంతోనే. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా సరే గిరిజనేతరులకి గనులకని ఇవ్వకూడదని తీర్పు. ఆ తీర్పు రాకపోతే ఇప్పుడు మీరు గుహలు చూడటానికి కాదు, క్వారీ చూడటానికి వచ్చేవారు.

కేకే అన్నా, మీ తాత వేళ్ళ గురించి రాసింది రెండుసార్లు చదివాను. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఆయన్ని తెచ్చి సొరంగంలో పెట్టినవాళ్ళు ఖనిజం జపాన్‌కి పంపించుకున్నారు. ఆ బాకీ మా భూమితో తీర్చమంటే ఎలా?

ఎస్‌కోట_బుల్లోడు
ఈ గొడవలో ఒకటి మర్చిపోవద్దు, ఇంత చెప్పుకుంటున్న ఆ లైను కాస్తా ఒడిశాలోని రాయగడ రైల్వే డివిజన్ కిందికి పంపారు. ఇద్దరిదీ కాకుండా పోతోంది.

కాఫీగింజ
నేను కాఫీ గురించి అడిగాను, ఎక్కడికి వచ్చింది ఇది.

గాలికొండ_గాలి
కేకే అన్నా, ఒక్కటే అడుగుతాను, చెప్పాలనిపిస్తేనే చెప్పండి. మీ ఇల్లు మీ పేరున లేదన్నారు. మరి ఎవరి పేరున ఉంది?

కేకే_లైన్
మా నాన్న స్నేహితుడు ఒకాయన పేరున. కొండదొరలు. మంచి మనిషి, నాన్నా ఆయనా కలిసి చేపలకి వెళ్ళేవారు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఇద్దరు కొడుకులు.

గాలికొండ_గాలి
వాళ్ళకేమిస్తున్నారు?

కేకే_లైన్
సంక్రాంతికి బట్టలు. నాన్న అలాగే ఇచ్చేవాడు, నేనూ మానలేదు. పోయినసారి పెద్దవాడు తీసుకోవడానికి రాలేదు. ఆ సంచి ఇంకా కొట్లో పై అరలోనే ఉంది.